మస్టరు పుస్తకం కంప్యూటరులోకి పోయింది

2016 ఫిబ్రవరి 18 నుంచి 21 వరకు బొంబాయి ఐ.ఐ.టి.లో ఒక సభ జరిగింది. డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు, వాడేవారు ఆసియాఖండంలో మొదటిసారిగా జరుపుకున్న సభ అది. అటువంటిదే 2024 డిసెంబరులో సింగపూరులోనూ జరిగింది. ఇటువంటి సభల్లో ప్రభుత్వ కార్యాలయాలను కంప్యూటరులోకి మార్చడం ఎలాగన్నది ఇప్పుడు ముఖ్యమైన చర్చ. మిల్లు కార్మికుల పత్రికకు ఈ గొడవ ఎందుకని సోదరులు అడగవచ్చు. రింగ్ ఫ్రేమ్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడికి సాఫ్ట్‌వేర్ ముచ్చట్లు చెప్పడం ఎగతాళిగా కూడా తోచవచ్చు. కాని మన పి.ఎఫ్., మన ఇ.ఎస్.ఐ., మన రేషను కార్డు, మన ముసలివాళ్ళ పింఛను, అన్నీ ఈనాడు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ దయమీద నడుస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరిది, దాని లోపల ఏముంది, తప్పు చేస్తే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు మన కూలి ప్రశ్నల్లోనివే. అందుకే ఈ సంచికలో ఈ విషయం ఎత్తుకున్నాము.

ముందు డ్రూపల్ సంగతి. వెబ్‌సైట్లు కట్టడానికి పనికివచ్చే సరంజామా ఇది. బెల్జియం దేశపు డ్రీస్ బ్యుతార్ట్ అనే విద్యార్థి హాస్టలు స్నేహితుల కోసం మొదలుపెట్టి, 2001 జనవరిలో లోకానికి ఇచ్చేశాడు. ఇచ్చేశాడంటే, దాని లోపలి రాతను, అంటే కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలన్నింటిని, ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. లైసెన్సు డబ్బు కట్టనక్కరలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2014 జూలైలో ప్రారంభించిన మైగవ్ వెబ్‌సైటు దీనిమీద కట్టినదే. ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. మన తెలుగువాళ్ళు హైదరాబాదులో 2005 నుంచి నడుపుతున్న ఉద్యమానికి ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు. ఆ పేరే బాగుంది.

దీనికి ఎదురుగా ఉన్నది మూత వేసిన సాఫ్ట్‌వేర్. కంపెనీ అమ్ముతుంది, మనం వాడుకోవాలి, లోపల చూడకూడదు. మగ్గం ఒకటి కొన్నాం అనుకోండి. అది ఆగిపోతే మూత విప్పకూడదు, మన ఫిట్టరు చెయ్యి పెట్టకూడదు, కంపెనీ మనిషి వచ్చేదాకా మగ్గం ఆపుకుని కూర్చోవాలి, వచ్చినప్పుడు అడిగినంత ఇచ్చుకోవాలి అని షరతు పెడితే పొదటూరుపేటలో ఎవరైనా ఆ మగ్గం కొంటారా? ప్రభుత్వాలు కొంటూనే ఉన్నాయి. డబ్బు మనది కాబట్టి కొంటున్నాయేమో.

కంప్యూటరు మనకు అంత పరాయి వస్తువు కూడా కాదు. జకార్డు మగ్గం మీద డిజైను కోసం అట్టముక్కలకు చిల్లులు పొడిచి వరుసగా కట్టడం నేతపని తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్టణంలో 1804 ప్రాంతంలో పుట్టిన పద్ధతి అది. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, లేనిచోట ఆగుతుంది. ఈ ఉపాయాన్నే పట్టుకుని అమెరికాలో 1890 జనాభా లెక్కలను చిల్లుల కార్డులతో యంత్రం మీద లెక్కించారు. కంప్యూటరు ఆ వంశంలోనిది. ఒక తేడా ఉంది. జకార్డు అట్టను వెలుతురుకు పట్టి చూస్తే తప్పు చిల్లు ఎక్కడ పడిందో నేతగాడే చెప్పగలడు. ఈనాటి అట్టను మనకు చూపించరు.

ఇక మన బాధల్లోకి వద్దాం. పి.ఎఫ్.లో ప్రతి కార్మికుడికి యు.ఎ.ఎన్. అనే ఒకే నంబరు 2014 అక్టోబరు నుంచి వచ్చింది. మిల్లు మారినా నంబరు మారదు. ఇది మంచిదే, మనం కోరుకున్నదే. తరువాత దాన్ని ఆధార్‌తో ముడిపెట్టారు. 2021 సెప్టెంబరు 1 నుంచి ఆధార్‌తో సరిపోలని యు.ఎ.ఎన్.కు యజమాని డబ్బు జమచేయడానికే వీలులేకుండా చేశారు. కూలిలోంచి కోత పడుతుంది, కంప్యూటరు తీసుకోదు! నేరం ఎవరిదని చూస్తే, పేరులో ఒక అక్షరానిది.

ఈ పేరు గొడవ తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట ప్రాంతపు తెలుగువాళ్ళకు తగిలినంతగా ఇంకెవరికీ తగలదేమో. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ తీర్పు ప్రకారం సరిహద్దులు మార్చినప్పుడు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం. తాతలనాటి దస్తావేజులు తెలుగులో ఉన్నాయి. తండ్రి బడి సర్టిఫికెట్టు అరవంలో ఉంది. కొడుకు ఆధార్ ఇంగ్లీషులో, అరవంలో ఉంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం తండ్రి పేరులో మొదటి అక్షరం ముందు వస్తుంది. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇనిషియల్‌తో, ఇంకొకచోట తండ్రి పేరు మొత్తం చేర్చుకుని ఉంటాడు. పైగా అరవ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం. క, గ లకూ అంతే, త, ద లకూ అంతే. పలకడంలో తేడా తెలిసిన మనిషి రాసినంతకాలం చిక్కు లేదు. అరవంలో ఉన్నదాన్ని చూసి ఇంగ్లీషులోకి ఎక్కించేవాడు ‘బాలయ్య’ను ‘పాలయ్య’ చేయగలడు, ‘గంగమ్మ’ను ‘కంకమ్మ’ చేయగలడు. మిల్లు టైంకీపరు దగ్గర బాలయ్య, ఆధార్‌లో పాలయ్య. కంప్యూటరు దృష్టిలో వీళ్ళిద్దరూ వేరువేరు మనుషులు. ముప్పై ఏళ్ళు ఒకే గేటులోంచి పోయి వచ్చిన మనిషిని టైంకీపరు కళ్ళతో చూసి గుర్తుపడతాడు. ఆ గుర్తుపట్టడానికి ఇప్పుడు విలువ లేదు.

2025 జనవరిలో ఇందులో కొంత సడలింపు వచ్చింది. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్‌తో వచ్చిన యు.ఎ.ఎన్. గలవారు పేరు, పుట్టిన తేది, తండ్రి పేరు వంటివి యజమాని సంతకం లేకుండానే స్వయంగా సరిచేసుకోవచ్చు. సంతోషమే. కాని అంతకు ముందు నుంచి పనిచేస్తున్న పాత కార్మికులకే ఇబ్బంది ఎక్కువ, వారికే ఇంకా యజమాని గడప తొక్కవలసిన పని ఉంది. మిల్లు మూతపడ్డవాడు ఎవరి గడప తొక్కాలి? వాడు కాగితం మీద దరఖాస్తు రాసుకుని, అధికారం గలవారి చేత సంతకం చేయించుకుని తిరగాలి.

హెచ్చు పింఛను సంగతి తెలిసిందే. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టాలన్నారు. గడువు 2023 మార్చి 3 అన్నారు, మే 3 అన్నారు, జూన్ 26 అన్నారు, చివరికి జూలై 11 అన్నారు. దేశంమీద 17 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఇన్నిసార్లు గడువు పొడిగించవలసి వచ్చిందంటేనే ఆ దారి ఎంత ఇరుకుగా ఉండిందో తెలుస్తుంది. రిటైరయిన కార్మికుడు మనవడి చేత, కంప్యూటరు సెంటరు కుర్రవాడి చేత ఇంగ్లీషు ఫారాలు నింపించుకున్నాడు. ఏం నింపాడో వాడికే తెలుసు. ఇక కనీస పింఛను 2014 సెప్టెంబరులో 1000 రూపాయలు చేశారు. ఆ అంకెను మార్చమని ఏ కంప్యూటరుకు చెప్పాలో మాకు తెలియదు.

కంప్యూటరు వద్దని మేము అనడం లేదు. అది మన సంఘం మాట ఎన్నడూ కాదు. 2025 జనవరి నుంచి పి.ఎఫ్. పింఛను దేశంలో ఏ బ్యాంకు నుంచైనా తీసుకునే ఏర్పాటు వచ్చిందంటే అది కంప్యూటరు పుణ్యమే. కార్మికుడు తన ఖాతాలో ఎంత పడిందో తన సెల్‌ఫోనులో చూసుకోగలగడం చిన్న విషయం కాదు. యజమాని కోత కోసి కట్టకుండా మింగితే ఒకప్పుడు ఏళ్ళ తరువాతగాని బయటపడేది కాదు. ఇప్పుడు మరుసటి నెలలోనే పట్టుకోవచ్చు. ఎస్.ఎం.ఎస్. పంపి నిల్వ తెలుసుకునే పద్ధతిలో తెలుగు కూడా ఉంది. భాషకు సంబంధించిన మూడు అక్షరాలు చివర చేర్చితే తెలుగులోనే జవాబు వస్తుంది. మనవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

మన పోట్లాట మూత గూర్చి. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు బి అండ్ సి మిల్లుల కార్మికులతో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టిన నాటినుంచి మన కోరికల్లో ఒకటి మారలేదు: లెక్క చూపించు. 1936 వేతనాల చెల్లింపు చట్టం కింద యజమాని రిజిస్టర్లు పెట్టవలసి వచ్చింది, ఇన్‌స్పెక్టరు వాటిని తనిఖీ చేయగలిగాడు. మస్టరులో హాజరు, కూలి రిజిస్టరులో కోత, రెండూ పక్కన పెట్టి చూస్తే దొంగలెక్క దొరికేది. ఇప్పుడు మస్టరు కంప్యూటరులో ఉంది. వేలిముద్ర పడనప్పుడు ఆ రోజు హాజరును అది ఏమి చేస్తుంది, అరగంట ఆలస్యమైతే ఎంత కోస్తుంది అన్నవి ఆ ప్రోగ్రాము లోపల రాసి ఉంటాయి. దూది, నూలు తాకి తాకి వేళ్ళ గీతలు అరిగిపోయినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా. రిజిస్టరు చూపించమనే హక్కు ఉన్నప్పుడు, రిజిస్టరును రాస్తున్న యంత్రం ఏ లెక్కన రాస్తున్నదో చూపించమనే హక్కు కూడా ఉండి తీరాలి.

ఈ హక్కు లేకపోతే ఏమవుతుందో ఇంగ్లండు తపాలా ఉద్యోగులు అనుభవించారు. అక్కడ 1999 నుంచి తపాలా శాఖల్లో హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల పద్ధతి పెట్టారు. ఫుజిత్సు కంపెనీ నడిపింది. ఊళ్ళలో చిన్న తపాలా ఆఫీసులు నడిపే సబ్ పోస్టుమాస్టర్ల లెక్కల్లో డబ్బు తక్కువ వస్తున్నట్టు ఆ కంప్యూటరు చూపించడం మొదలుపెట్టింది. మేము తియ్యలేదని వారు మొత్తుకున్నారు. కంప్యూటరు తప్పు చెప్పదన్నారు. ఇళ్ళు అమ్ముకుని కట్టినవారున్నారు, జైలుకు పోయినవారున్నారు, ప్రాణాలు తీసుకున్నవారున్నారు. మొత్తం 900 మందికి పైగా నేరస్థులుగా శిక్షపడ్డారు. ఎవరికివారు తనొక్కడికే ఇలా జరిగిందనుకున్నారు, ఎందుకంటే వారికి అలాగే చెప్పారు. చివరికి 555 మంది కలిసి కోర్టుకు పోయారు. 2019 డిసెంబరులో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే లోపాలున్నాయని తీర్పు ఇచ్చింది. 2024 మేలో ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేస్తూ పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు పట్టింది. మూత తెరిచి చూపించి ఉంటే ఎంతమంది బతుకులు నిలిచేవో పాఠకులే ఆలోచించాలి.

అంతదూరం దేనికి, మన తెలంగాణలోనే చూడండి. ‘సమగ్ర వేదిక’ అనే పద్ధతి ఒకటి పెట్టి, రకరకాల ప్రభుత్వ రికార్డులను కలిపి, ఫలానా ఇంటికి కారు ఉంది, ఫలానావాడికి ఆస్తి ఉంది అని కంప్యూటరు చెప్పినదాన్ని పట్టుకుని రేషను కార్డులు తీసివేశారు. ఇక్కడ కూడా పేర్ల తకరారే. ఒకే పేరు గల ఇద్దరిలో ఒకడికి కారు ఉంటే రెండోవాడి బియ్యం పోతాయి. ఇంటికి పోయి అడిగినవారు లేరు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. తీసివేసిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి పోయి మళ్ళీ విచారించవలసిందిగా 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ పద్ధతిని తయారుచేసింది ఒక ప్రైవేటు కంపెనీ. దాని లోపలి రాత జనానికి అందుబాటులో లేదు. జనం పన్నుతో కట్టిన యంత్రం జనం బియ్యం తీసేస్తుంది, జనం మాత్రం దాన్ని చూడకూడదు! ఇంతకంటే చోద్యం ఏముంటుంది?

మన ప్రభుత్వాలకు ఇదంతా తెలియని విషయమా అంటే కాదు. 2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. ప్రభుత్వ పనులకు సాఫ్ట్‌వేర్ తీసుకునేటప్పుడు ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని, వద్దనుకుంటే కారణం చూపాలని అందులో ఉంది. అదే సంవత్సరం, ప్రభుత్వం రాయించిన ప్రోగ్రాముల లోపలి రాతను అందరికీ తెరిచి పెట్టాలనే విధానం కూడా వచ్చింది. 2020 మేలో ఆరోగ్యసేతు రాతను బయటపెట్టారు, అదికూడా బయట గగ్గోలు పుట్టిన తరువాతే. కాగితం మీద విధానం ఉంది. గట్టిగా అడిగేవారు తక్కువ.

కేరళలో అడిగేవారు ఉన్నారు, ముఖ్యంగా ఉపాధ్యాయ సంఘాలవారు. అందువల్ల అక్కడి ప్రభుత్వ బడుల్లో కంప్యూటరు చదువు మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నది. మన తమిళనాడులో కూడా మంచి ఆరంభమే జరిగింది. 2007 ప్రాంతంలో ఎల్కాట్ సంస్థ ఉమాశంకర్ ఆధ్వర్యంలో లినక్స్‌కు మారింది. చెన్నైలోని సి-డాక్ వారు ‘బాస్’ అనే పేరుతో మన భాషలతో లినక్స్ తయారుచేశారు. 2011 సెప్టెంబరులో ముఖ్యమంత్రి జయలలిత మన తిరువళ్ళూరు పక్కన కాక్కళూరులోనే ఉచిత లాప్‌టాప్‌ల పథకం ప్రారంభించారు. ఆ లాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు ఈ బాస్ కూడా వేసి ఇచ్చారు. మన పిల్లలకూ వచ్చాయి. అందులో బాస్ తెరిచి చూసినవారు ఎందరున్నారో చేతులెత్తమంటే బహుశా ఒక చేతి వేళ్ళు చాలు. నేర్పే మాస్టరు లేకుండా యంత్రం ఇస్తే జరిగేది ఇదే. అందుకని ఉత్త ఓపెన్ సోర్స్ అనే మాటతో మన కష్టాలు తీరుతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రాత తెరిచి ఉన్నంత మాత్రాన పేరు తప్పు దానంతట అది దిద్దుకోదు. తెరిచిన రాతను చదివే మనిషి కావాలి, చదివి తప్పు పట్టుకుంటే వినే ఆఫీసరు కావాలి. మొదటివాళ్ళు మన పిల్లల్లోంచి రావచ్చు. ఇంజనీరింగు చదివి చెన్నైలో కంపెనీలకు రాత రాస్తున్న మిల్లు కార్మికుల బిడ్డలు మన ఊళ్ళలో తక్కువేమీ లేరు. వారిలో ఇద్దరు ముగ్గురు ఆదివారం పూట సంఘం ఆఫీసుకు వస్తే చాలు. రెండో సంగతికి సంఘమే కావాలి.

భాష విషయంలో కుదరదనే సాకు ఇంక చెల్లదు. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న పెట్టిన ఇ-శ్రమ్‌లో 30 కోట్ల మందికి పైగా నమోదయ్యారు. 2025 జనవరి 7 నుంచి దాన్ని తెలుగుతో సహా 22 భాషల్లో చదువుకోవచ్చు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. లేని పవర్‌లూం కార్మికులు ఇందులో చేరవచ్చు. అమ్మయార్‌కుప్పం, పొదటూరుపేట సోదరులు ఇంకా చేరకపోతే ఆలస్యం చేయవద్దు. అక్కడ 22 భాషలు పెట్టగలిగినవారు, కోట్లమంది డబ్బు దాచుకున్న పి.ఎఫ్. ఫారాలన్నింటిని తెలుగులోను, అరవంలోను ఎందుకు పెట్టలేరు? ఒడియా సోదరులు, హిందీ సోదరులు మన మిల్లుల్లో ఇప్పుడు మనతోపాటే పనిచేస్తున్నారు. వారి భాష కూడా అడుగుదాం. ఇది మన ఒక్కరి కోరికగా ఉండకూడదు.

వచ్చే నెల కార్మిక శాఖకు, పి.ఎఫ్. అధికారులకు సంఘం ఒక వినతిపత్రం ఇవ్వబోతున్నది. కార్మికుల డబ్బుతో నడిచే ప్రతి సాఫ్ట్‌వేర్ లోపలి రాత బహిరంగంగా ఉండాలని, కంప్యూటరు కాదన్నదానికి కారణం కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, మనిషి కూర్చునే కౌంటరును మూసివేయరాదని అందులో కోరుతున్నాము. ఈ మూడోదాన్ని చిన్నదని అనుకోవద్దు. తిరుత్తణిలో రైలెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుకు పోయిన మనిషికి ‘ఆన్‌లైన్లో పెట్టుకో పో’ అనే జవాబు దొరకడం మర్యాద కాదు. మిల్లుల్లో హాజరు యంత్రాల విషయం విడిగా యాజమాన్యాలకు రాస్తాము. వేలిముద్ర పడనినాడు సూపర్‌వైజరు చేతిరాత హాజరు చెల్లాలి, నెలాఖరుకు ప్రతి కార్మికుడికి తన హాజరు చిట్టా కాగితం మీద ముట్టాలి.

వినతిపత్రంతో జతపరచడానికి ఉదాహరణలు కావాలి. పేరు తేడావల్ల పి.ఎఫ్. ఆగినవారు, క్లెయిము తిరగ్గొట్టబడినవారు, మూతపడ్డ మిల్లుల పాత కార్మికులు, పింఛను దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియనివారు సంఘం ఆఫీసుకు రావలసిందిగా కోరుతున్నాము. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పాత పి.ఎఫ్. స్లిప్పులు, బడి సర్టిఫికెట్టు వెంట తెచ్చుకోండి. పేరు ఏ కాగితంలో ఎలా పడిందో పక్కపక్కన పెట్టి రాసుకుంటాము. ఓ.టి.పి. మాత్రం ఎవరికీ చెప్పవద్దు, సంఘం మనిషి అడిగినా చెప్పవద్దు. ఇంట్లో తాతలనాటి తెలుగు కాగితం ఏదైనా ఉంటే, చెదలు పట్టినదైనా సరే, దాన్ని కూడా తీసుకురండి.